చెమ్మ గాలిలో ఆఫీసు కాగితాలు: ఏవి ఉంచాలి, ఎన్నాళ్లు, ఎక్కడ, ఎలా

శ్రీకాకుళం, విజయనగరం వైపు వ్యాపార ఆఫీసుల్లో కాగితాలు పాడయ్యేది ఎక్కువగా మూడు చోట్ల: అటక మీద, మెట్ల కింద, గోడకి ఆనించి పెట్టిన బీరువాలో. మూడు చోట్లా గాలి ఆడదు. దానికి తోడు తీరం వెంబడి గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు 70 శాతం పైనే ఉంటుంది. కాగితానికి హాయిగా ఉండేది 45 నుంచి 55 శాతం మధ్య. 65 దాటి కొన్ని రోజులు నిలబడిందంటే బూజుకి దారి తెరిచినట్టే. ఏసీ గానీ తేమ లాగే యంత్రం గానీ లేకుండా ఆ అంకెని ఇక్కడ అందుకోలేం. అందుకే మన దగ్గర చేయాల్సిన పని వేరు: గాలిని కదిలించాలి, గోడకీ నేలకీ ఎడం పెట్టాలి, వీటన్నిటికన్నా ముందు కాగితాన్నే తగ్గించాలి. కొత్త బీరువా కొనడం ఆఖరి పని, మొదటిది కాదు.

ఎన్నాళ్లు ఉంచాలో ముందు తేల్చండి

ఎక్కువ ఆఫీసుల్లో పాత కట్టలు ఉండిపోవడానికి కారణం భయం. ఏది ఎప్పుడు అడుగుతారో తెలియదు కాబట్టి 15 ఏళ్ల నాటి టీ బిల్లు కూడా అటకెక్కి కూర్చుంటుంది. గడువులు ఒకసారి తెలుసుకుంటే ఆ భయం సగం పోతుంది.

జీఎస్టీ లెక్కలు, ఇన్వాయిస్‌లు, వేబిల్లులు: ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను దాఖలుకి ఆఖరి తేదీ నుంచి 72 నెలలు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆర్థిక సంవత్సరం ముగిసిన రోజు నుంచి లెక్కేస్తారు. 2023-24 వార్షిక రిటర్నుకి ఆఖరి తేదీ 2024 డిసెంబరు 31. అక్కడి నుంచి 72 నెలలంటే 2030 డిసెంబరు 31 దాకా ఆ కట్ట కదలకూడదు. ఆ సంవత్సరం మీద అప్పీలో, విచారణో నడుస్తుంటే అది తేలిన తర్వాత మరో ఏడాది ఉంచాలి. ఈ రెండు తేదీల్లో ఏది ఆలస్యమైతే అదే లెక్క.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే కంపెనీల చట్టం 2013 ప్రకారం లెక్కల పుస్తకాలూ వాటి వోచర్లూ ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉండాలి. అంటే 2023-24 పెట్టె 2032 మార్చి 31 దాకా. మీది సొంత వ్యాపారమో, భాగస్వామ్యమో అయితే ఈ ఎనిమిదేళ్ల నిబంధన మీకు వర్తించదు. జీఎస్టీ, ఆదాయపు పన్ను గడువులే చూసుకోవాలి. ఆదాయపు పన్నుకి మీ ఆడిటర్ చేత ఒక కాగితం మీద రాయించుకుని ఫైల్ రిజిస్టర్ మొదటి పేజీలో అంటించండి. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టాన్ని చూసి పాత సంవత్సరాల కట్టలు తీసేయకండి.

ఎన్నటికీ పారేయకూడనివి కొన్నే ఉంటాయి: స్థలం దస్తావేజులు, వాటి లింకు డాక్యుమెంట్లు, ఈసీలు, ప్లాన్ అప్రూవల్స్, కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రాలు, మినిట్స్ పుస్తకాలు, భాగస్వామ్య ఒప్పందం, లోను తీరినట్టు బ్యాంకు ఇచ్చిన నో డ్యూ సర్టిఫికెట్. ఈ చివరిదాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. కొత్త లోనుకి వెళ్లినప్పుడు పాత చార్జ్, అంటే ఆస్తి మీద బ్యాంకు హక్కు, ఇంకా రికార్డులో కనిపిస్తే ఆ ఒక్క కాగితం కోసమే ఆఫీసంతా వెతకాల్సి వస్తుంది. చిన్న వ్యాపారానికి ఈ శాశ్వత కాగితాలన్నీ కలిపితే సాధారణంగా ఒకటి రెండు పెట్టెలకి మించవు. కోర్టులో ఉన్న వ్యవహారం కాగితాలకి మాత్రం గడువు రాయకండి. పెట్టె మీద ‘కేసు’ అని ఎర్ర సిరాతో రాసి విడిగా పెట్టండి.

ఇక పుట్టే కాగితం సంగతి. కంప్యూటర్‌లో పుట్టిన ఇన్వాయిస్‌ని ముద్రించి, సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేసి మెయిల్ చేసే ఆఫీసులు ఇప్పటికీ ఉన్నాయి. ఈ-ఇన్వాయిస్, ఈ-వేబిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ లాంటివి కంప్యూటర్‌లోనే ఉంచండి. ముద్రించక తప్పనివి కాగితానికి రెండు వైపులా ముద్రించేలా ప్రింటర్ సెట్టింగ్ మార్చేయండి, ఎవరినీ బతిమాలక్కర్లేదు. లెక్క చూడండి: రీముకి 500 కాగితాలు; నెలకి రెండు రీములు వాడే ఆఫీసులో ఏడాదికి 12,000 కాగితాలు. 75 జీఎస్‌ఎం ఏ4 రీము బరువు దాదాపు 2.3 కిలోలు కాబట్టి ఏడాదికి 56 కిలోలు, అంటే పెట్టెకి 14 కిలోల లెక్కన నాలుగు పెట్టెలు. ఎనిమిదేళ్లకి 32 పెట్టెలు. రెండు వైపులా ముద్రిస్తే 16. అంటే రెండు ర్యాకులు పెట్టాల్సిన చోట ఒకటి చాలు.

చోటు

మూడంతస్తుల భవనమైతే మధ్య అంతస్తు మంచిది. కింది అంతస్తుకి చెదా, వాన నీరూ వస్తాయి. పై అంతస్తుకి శ్లాబు కారడం, ఎండ వేడి. తుపాను గాలివాన ఏ కిటికీలోంచి కొడుతుందో చెప్పలేం, అయినా తూర్పు, ఈశాన్యం వైపు బయటి గోడలు మిగతావాటికన్నా ఎక్కువ తడుస్తాయి; ఆ గోడని వదిలేసి లోపలి గోడ ఎంచుకోండి. బాత్రూముతో కలిసిన గోడా వద్దు, నీళ్ల ట్యాంకు కింది గదీ వద్దు. స్విచ్ బోర్డుకీ ఇన్వర్టర్‌కీ కనీసం మూడడుగుల దూరం ఉండాలి. గోడలో నిమ్ము ఉందో లేదో తెలియాలంటే అడుగు పొడవు అడుగు వెడల్పు పాలిథిన్ ముక్కని నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి రెండు రోజులు వదిలేయండి. తీసినప్పుడు గోడ వైపు నీటి బొట్లు ఉంటే నిమ్ము గోడలోంచే వస్తోంది. గది వైపు ఉంటే గాలిలో తేమ ఎక్కువ. మొదటిదానికి రంగులు వేసి లాభం లేదు, ఆ గోడ పక్కన కాగితం పెట్టకపోవడమే మందు.

విజయనగరం పాత బజారుల్లో పెంకుటింట్లోనో, మద్రాసు టెర్రస్ (చెక్క దూలాల మీద ఇటుకలతో వేసిన మిద్దె) ఇంట్లోనో అద్దెకున్న ఆఫీసులకి ఇంకో చిక్కు: దూలాల్లో చెద. అక్కడ ర్యాకు పైన కూడా చూడాలి, కింద మాత్రమే కాదు.

బరువు సంగతి ఎవరూ ఆలోచించరు. ఇంటి శ్లాబుని సాధారణంగా చదరపు మీటరుకి 200 కిలోల వాడుక బరువుకి లెక్కగడతారు. కాగితం నిండిన అలమర, అంటే ర్యాకులో ఒక అర, పొడవు ఒక మీటరైతే ఒక్క వరసకే 40 కిలోల పైన ఉంటుంది. ఇల్లుగా కట్టిన మేడ మీద ఆఫీసు నడుపుతుంటే ర్యాకులన్నీ గది మధ్యలో కాకుండా కింద దూలం, గోడ ఉన్నచోట పెట్టండి. అటకలయితే అసలు ఈ బరువుకి కట్టినవి కావు.

ర్యాకు, పెట్టె

స్లాటెడ్ యాంగిల్ ర్యాకు, అంటే కన్నాలున్న ఇనుప యాంగిళ్లకి బోల్టులతో అలమరలు బిగించేది, చాలు. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. యాంగిల్ 14 గేజ్, అలమర రేకు 20 గేజ్. 22 గేజ్ రేకు ఇంకా పల్చన, కాస్త చవకే, కానీ రెండేళ్లకి మధ్యలో కుంగుతుంది. దాన్నే తీసుకుంటే కింద అడ్డంగా పట్టీ వెల్డింగ్ చేయించండి. మొదటి అలమర నేలకి అడుగు ఎత్తున ఉండాలి. నాగావళి, వంశధార వరద చూసిన వీధుల్లో ఉంటే రెండడుగులు పెట్టి ఒక అలమర వదులుకోండి. అక్కడి నుంచి 14 అంగుళాలకొకటి. వెనక గోడకి మూడంగుళాల ఖాళీ వదిలి, పై భాగాన్ని మాత్రం ఎల్-క్లాంపులతో గోడకి బిగించండి; ఆ ఖాళీకి సరిపడా పైపు ముక్క మధ్యలో వేస్తే ర్యాకు గోడకి జరగదు. పై పెట్టెకీ శ్లాబుకీ మధ్య అడుగున్నర ఉండాలి. చెక్క అలమరలు, ప్లైవుడ్, కింద చెక్క ప్యాలెట్లు వద్దు. చెదకి అవి నిచ్చెనలు.

పెట్టె కొలత లోపలి వైపు 15 అంగుళాల పొడవు, 12¼ వెడల్పు, 10 ఎత్తు చెప్పి ఐదు పొరల అట్టతో చేయించండి. ఈ కొలతకి కారణం ఉంది: పొడవు వైపు లీగల్ సైజు స్టాంపు కాగితాల ఫైలు పడుతుంది, వెడల్పు వైపు ఏ4 పడుతుంది. ఒక్క కొలతతో రెండూ సర్దుకుంటాయి. పెట్టెకి మూడు వేల కాగితాలు దాటించకండి, అప్పటికే 14 కిలోలు. అంతకన్నా కుక్కితే గాలి ఆడదు, ఎత్తేటప్పుడు అడుగు ఊడుతుంది. పక్క గోడల్లో రెండేసి చేతి కన్నాలు ఉంచండి. ఎత్తడానికే కాదు, గాలికి కూడా. అలమరకి మూడు పెట్టెలు, ఒకదానికొకటి రెండు వేళ్ల ఎడం. పెట్టె మీద పెట్టె వద్దు.

పాత అట్టపెట్టెలు తిరిగి వాడటం మంచిదే గానీ, బిస్కెట్లవీ, నూనెవీ, జీడిపప్పువీ తేకండి. పలాస, కాశీబుగ్గ వైపు జీడిపప్పు అట్టలు చేతికి ఊరికే దొరుకుతాయి. ఆ వాసనకి ఎలుకలు రాత్రికి రాత్రే వస్తాయి. మందుల షాపుల అట్టలు, ప్రింటింగ్ కాగితం వచ్చిన అట్టలు నయం. రైసు మిల్లు ఆఫీసు అయితే తవుడు దుమ్ము పడే గదిలో ఏ పెట్టె పెట్టినా పురుగు తప్పదు. రికార్డు గది తలుపు మిల్లు వైపు కాకుండా రోడ్డు వైపు ఉండేలా చూసుకోండి.

పెద్ద రిజిస్టర్లనీ, మ్యాపులనీ, పాత బౌండు పుస్తకాలనీ పెట్టెలో పెట్టలేం. వాటికి రెవెన్యూ ఆఫీసుల్లో ఎర్ర గుడ్డ కట్టే పద్ధతి ఉంది కదా, ఆ ఆలోచన నిజంగా మంచిది: గుడ్డ దుమ్ముని ఆపుతుంది, తేమని లోపల బిగించదు. ఎరుపు మాత్రం వద్దు, తడిస్తే రంగు దిగి కాగితానికి పడుతుంది. రంగు వేయని మార్కిన్ గుడ్డని ఒకసారి ఉతికి గంజి పోగొట్టి వాడండి, గంజి ఉంటే సిల్వర్‌ఫిష్ పురుగులు దానికోసం వస్తాయి. పైన అరంగుళం వెడల్పు నూలు టేపు కట్టండి. పురికొస గట్టిదే, దొరకడం తేలికే, కానీ సన్నగా ఉండి అంచుల్ని కోస్తుంది. కట్టకి పైనా కిందా అట్టముక్క పెడితేనే వాడండి.

పెట్టెలోకి వెళ్లే ముందు తీసేయాల్సినవి

ఫైలు మూసేముందు కూర్చుని చేసే ఈ పని విసుగు పుట్టిస్తుంది. అయినా కాగితం ఆయుష్షు ఇక్కడే తేలుతుంది.

రబ్బరు బ్యాండ్లు మొదట. వేసవి వేడికి అవి కరిగి, తేనెపాకంలా కాగితానికి అంటుకుని, తర్వాత ఎండి గట్టిపడతాయి. తీయబోతే అక్షరాలతో సహా పొర ఊడి వస్తుంది. జెమ్ క్లిప్పులూ గుండుసూదులూ తుప్పు పడతాయి. తెరిచి చూస్తే మొదటి కాగితం మీద క్లిప్పు ఆకారమే గోధుమ రంగులో ముద్ర పడి ఉంటుంది, కింద మూడు నాలుగు కాగితాల దాకా దిగుతుంది, చివరికి సరిగ్గా అక్కడే చిరుగుతుంది. ఈ గాలిలో సముద్రపు ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి తుప్పు ఒక్క వానాకాలంలోనే మొదలవుతుంది. వాటి బదులు నూలు ఫైల్ ట్యాగులు వాడండి. రెండు చివర్లా ప్లాస్టిక్ ముక్క ఉన్నవి అడగండి, రేకువి కాదు. స్టేపుల్ పిన్నులు వందల్లో ఉంటే అన్నీ పీకక్కర్లేదు. శాశ్వత కాగితాలవి మాత్రం తీసేయండి.

పీవీసీ కవర్లు, అంటే మెత్తగా ఉండి ఒక రకమైన వాసన వచ్చే పారదర్శక ఫోల్డర్లు, జెరాక్స్ అక్షరాల్ని లాగేసుకుంటాయి. రెండేళ్ల తర్వాత కాగితం తీస్తే అక్షరాలు కవరుకి అంటుకుని ఉంటాయి. కవరు తప్పదనుకుంటే పాలీప్రొపిలీన్ అని రాసి ఉన్నది కొనండి. దస్తావేజులకి లామినేషన్ చేయించడం ఇంకా పెద్ద తప్పు: మళ్లీ విప్పలేరు, స్టాంపు వెనక వైపు పరిశీలించలేరు, లోపల చెమ్మ ఉంటే అలాగే చిక్కుకుపోతుంది.

థర్మల్ బిల్లులకి వేరే లెక్క. పెట్రోలు బంకు, టోల్ గేటు, కార్డు మెషీన్, కొన్ని ధర్మకాంటా చీటీలు వేడికి నల్లబడే కాగితం మీద వస్తాయి. వేడికి, నూనె చేతులకి, జిగురుకి, ప్లాస్టిక్‌కి ఆ అక్షరం ఎగిరిపోతుంది. బండి డ్యాష్‌బోర్డు మీద నాలుగు రోజులుంటే చాలు. వచ్చిన రోజే ఒక ఏ4 మీద నాలుగు చీటీలు పేర్చి జెరాక్స్ తీయండి. అసలు చీటీని దాని వెనక ఒక మూల మాత్రమే పిన్ను చేయండి. అక్షరాల మీదుగా సెలోటేపు వేయొద్దు, ఫెవికాల్ పూయొద్దు.

రాసే సిరా కూడా చూసుకోండి. బాల్‌పెన్, లేజర్ ప్రింటు నీటిని కొంతవరకు తట్టుకుంటాయి. ఇంక్‌జెట్ ప్రింటు, జెల్ పెన్నుల్లో చాలా రకాలు, స్టాంపు ప్యాడు సిరా తడిస్తే పోతాయి. ఒప్పందాలు లేజర్ ప్రింటు మీద, సంతకం బాల్‌పెన్‌తో.

పేరు, నంబరు, పోవాల్సిన తేదీ

ప్రతి పెట్టె ముందు వైపు నాలుగు ముక్కలు చాలు: నంబరు, సంవత్సరం, ఏముంది, ఎప్పుడు తీసేయాలి. ఉదాహరణకి ‘17 / 2023-24 / కొనుగోలు బిల్లులు, ఏప్రిల్–సెప్టెంబరు / 31-3-2032’. పెట్టె మీద నీటికి చెరగని మార్కరుతో నేరుగా రాయండి, అంటించిన లేబుల్ ఈ తేమకి ఊడిపోతుంది. ఇదే వివరం ఒక రిజిస్టర్లో, ఒక ఎక్సెల్ షీట్లో, ర్యాకు ఏది, అలమర ఏది అన్న రెండు గళ్లతో. ఒక పెట్టెలో రెండు సంవత్సరాలు కలపకండి, అలా కలిపిన పెట్టె ఎప్పటికీ బయటికి పోదు. ఎవరైనా ఫైలు తీస్తే ఆ చోట తీసిన తేదీ, పేరు రాసిన అట్టముక్క నిలబెట్టాలి.

తేమ, చెద, ఎలుక

నాలుగైదు వందల రూపాయల డిజిటల్ హైగ్రోమీటర్ (గాలిలో తేమ శాతం చూపే మీటరు) ఒకటి కొనండి. అది నిజం చెబుతోందో లేదో చూడటానికి సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి కొన్ని చుక్కల నీళ్లతో ముద్దగా తడిపి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో పన్నెండు గంటలు మూసి ఉంచండి. 75 చూపించాలి. 70 చూపిస్తే ఆ మీటరు ఐదు తక్కువ చెబుతోందన్నమాట. డబ్బా మీద రాసి పెట్టుకోండి, మీటరు పారేయక్కర్లేదు.

కిటికీలు తెరిస్తే గది ఆరుతుందన్నది అన్ని రోజులకీ నిజం కాదు. వాన వెలిసిన సాయంత్రం తెరిస్తే బయటి చెమ్మంతా లోపలికి వస్తుంది. మీటరుని కిటికీ బయట పావుగంట, లోపల పావుగంట ఉంచి చూడండి. బయట తక్కువుంటేనే తెరవండి. ఎక్కువగా అది ఎండ కాసిన మధ్యాహ్నం అవుతుంది. ఆ సమయంలో ఎగ్జాస్ట్ ఫ్యాను రెండు మూడు గంటలు తిప్పి, బీరువా తలుపులు కూడా తెరిచి ఉంచండి. ఏసీ గదిలో కాగితాలుంటే ఇంకో ప్రమాదం: పగలంతా 22 డిగ్రీల్లో చల్లబడిన గది, రాత్రి ఏసీ ఆపగానే తడి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. చల్లటి రేకు మీదా కాగితం మీదా ఆ చెమ్మ దిగుతుంది. రోజూ ఇదే జరిగితే ఏసీ లేని గదికన్నా ముందు బూజు పడుతుంది. కరెంటు ఖర్చు చూసినా గదంతా చల్లబరచడంకన్నా శాశ్వత కాగితాలున్న ఒక్క పెట్టెని పొడిగా ఉంచడం తెలివైన పని.

దానికి రబ్బరు అంచు ఉన్న, గాలి చొరని మూత డబ్బా పది లీటర్లది తీసుకుని అడుగున గుడ్డ సంచిలో 200 గ్రాముల సిలికా జెల్ వేయండి. నారింజ రంగుది కొనండి, నీలం దాంట్లో కోబాల్ట్ ఉంటుంది. ఆరెంజ్ రంగు పోయి ముదురు ఆకుపచ్చ అయిందంటే తడి నిండిందని. ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. ఒక్క షరతు: కాగితాన్ని జనవరి, ఫిబ్రవరి పొడి రోజుల్లో ఆరబెట్టాకే లోపల పెట్టాలి. ఆగస్టులో మూత బిగిస్తే ఆగస్టు చెమ్మనే దాచుకున్నట్టు. తెరిచి ఉన్న ర్యాకులో సిలికా జెల్ చల్లడం డబ్బు దండగ. కలరా ఉండలూ అంతే. మూసిన గదిలో ఆ వాసన మనుషులకి మంచిది కాదు, చెదకి లెక్కే లేదు. వేపాకు పచ్చిది కాగితాల మధ్య పెడితే మరక పడుతుంది, ఆ ఆకులోని తేమ కూడా కాగితానికే.

చెదకి నెలకోసారి టార్చి పట్టుకుని ర్యాకు వెనక, తలుపు చట్రాల వెంట, నేలా గోడా కలిసే మూలల్లో చూడాలి. పెన్సిలంత లావు మట్టి గొట్టం కనబడితే వెంటనే చీపురుతో దులిపేయకండి. దులిపితే అవి దారి మార్చుకుంటాయి, మందు వేసేవాళ్లకి ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియదు. ఫొటో తీసి, దగ్గరి పెట్టెలు జరిపి, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలవండి. గోడ వెంట నేలలో అడుక్కో అరంగుళం కన్నం వేసి మందు పోసి మూస్తారు. కన్నాలు వేయకుండా పైపైన చల్లి పోతామంటే ఒప్పుకోకండి. ఎలుకలకి తలుపు కింద అరంగుళం సందు చాలు. అల్యూమినియం పట్టీ వేయించండి, ఆ గదిలో టిఫిన్ డబ్బాలు తెరవనివ్వకండి.

స్కాన్ చేసినంత మాత్రాన

స్కానర్ సెట్టింగు 300 డీపీఐ, గ్రే స్కేల్, పీడీఎఫ్/ఏ (ఏళ్ల తరబడి దాచడానికి చేసిన పీడీఎఫ్ రకం). ఫైలు పేరు పెట్టె నంబరుతో మొదలవ్వాలి. మూడు ప్రతులు: ఆఫీసు కంప్యూటర్‌లో ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి, ఊరికి దూరంగా ఒకటి. ఊళ్లోనే ఇంట్లో పెట్టిన డిస్కు దూరం కిందకి రాదు, తుపాను రెండిళ్లనీ ఒకేసారి పలకరిస్తుంది. కంపెనీలయితే కంప్యూటర్ లెక్కల బ్యాకప్ భారతదేశంలో ఉన్న సర్వర్‌లో రోజూ పడాలని నిబంధన కూడా ఉంది. కోర్టుకి ఎలక్ట్రానిక్ రికార్డు ఇవ్వాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. 2024 జులై 1కి ముందు ఇది పాత సాక్ష్య చట్టంలో 65బీ సెక్షన్. అందుకే ఎవరు, ఏ యంత్రం మీద, ఏ తేదీన స్కాన్ చేశారో రిజిస్టర్లో ఒక గడి ఉంచండి. దస్తావేజు, చెక్కు, ప్రామిసరీ నోటు, పవర్ ఆఫ్ అటార్నీ, వీలునామా స్కాన్ చేశాం కదా అని అసలుని వదులుకోకూడదు.

దసరాకి ముందు

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, టిట్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. టిట్లీ దాటింది పలాస దగ్గరే. అక్టోబరు మొదటి వారం అంటే ఆఫీసుల్లో ఏ సమయం? ఆడిట్ సీజను ముగిసి, ఆడిటర్ దగ్గర్నుంచి ఫైళ్లు తిరిగొచ్చి, సర్దే తీరిక లేక బల్లల కింద నేల మీద ఉండే సమయం. పైగా దసరాకి దులిపేటప్పుడు ర్యాకు మీదవి కూడా కిందకి దిగుతాయి. సెలవులకి తాళం వేసే ముందు, విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం హడావుడి మొదలవకముందే, నేల మీద ఒక్క కాగితం కూడా లేకుండా చూడండి. శ్లాబు మీద నీటి గొట్టాల జాలీల్లో ఆకులు తీయించండి. ర్యాకులకి పైనుంచి ముందుకి జారేలా టార్పాలిన్ ముక్క మడిచి సిద్ధంగా ఉంచండి. తుపాను హెచ్చరిక రాగానే దించి, దాటగానే తీసేయాలి. అలాగే వదిలేస్తే లోపల ఆవిరి పట్టి వాన చేయని పని అది చేస్తుంది.

అయినా తడిస్తే 48 గంటలే చేతిలో ఉన్నట్టు. ముందు బీమా కోసం ఫొటోలు. తర్వాత వరస: స్కాన్ లేనివి, నీళ్ల సిరావి ముందు, మిగతావి తర్వాత. తడిసిన కట్టని నిలబెట్టి ఎత్తకండి. కింద అట్ట దోపి పడుకోబెట్టి ఎత్తండి. ట్యాగు విప్పి, పావంగుళం మందం కుచ్చులుగా విడదీసి, ప్రతి పది కాగితాలకీ మధ్య ముద్రణ లేని న్యూస్‌ప్రింట్ కాగితం పెట్టండి. మొదటి రోజు రెండు గంటలకోసారి అవి మార్చాలి. ఫ్యాను గాలి గదిలో తిరగాలి గానీ నేరుగా కాగితం మీద కొట్టకూడదు. ఎండలో పరచడం, ఇస్త్రీ పెట్టె పట్టడం వద్దు: కాగితం వంకర్లు పోతుంది, ఇస్త్రీ వేడికి లేజర్ అక్షరం కరుగుతుంది. బురద పట్టిన లేజర్ ప్రింటులయితే కట్ట మూసి పట్టుకుని శుభ్రమైన నీళ్ల బేసిన్‌లో జాడించొచ్చు. సిరా రాతలున్నవి ఎప్పుడూ వద్దు. నునుపు కాగితపు క్యాటలాగులు, ఫొటోలు అంటుకుని ఉంటే లాగకండి.

ఒకేసారి ఆరబెట్టలేనంత ఉంటే, రెండంగుళాల కట్టలుగా పాలిథిన్‌లో చుట్టి ఐస్‌క్రీమ్ డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. మైనస్ 18 దగ్గర బూజు ఆగిపోతుంది, నెల తర్వాత తీరిగ్గా ఒక్కో కట్ట తీసి ఆరబెట్టుకోవచ్చు. కరెంటు ఉండాలి మరి. టిట్లీ తర్వాత శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోజుల తరబడి లేదు. అలాంటప్పుడు కరెంటున్న ఊరికి పంపడమే దారి.

బూజు పట్టినవాటిని తడిగా ఉండగా తుడిస్తే పొరంతా పాకుతుంది. బాగా ఆరాక, ఆరుబయట, ఎన్-95 మాస్కు, గ్లవ్స్ వేసుకుని మెత్తటి బ్రష్షుతో మనకి అవతలి వైపుకి దులపాలి. డెటాల్, బ్లీచింగ్ నీళ్లు కాగితానికి తగలనివ్వకండి.

బయటికి పంపడం

ఏటా ఏప్రిల్ రెండో వారంలో రిజిస్టర్ తీసి, మార్చి 31తో గడువు తీరిన పెట్టెల జాబితా ఆడిటర్‌కి పంపి, ఆయన సరే అన్నాకే కదపండి. నేరుగా పాత కాగితాల బండికి వేయకండి. ఆధార్, పాన్ జెరాక్సులు పొట్లాల కాగితంగా తేలి, మీ ఖాతాదారు బయోడేటా మిరపకాయ బజ్జీ కింద కనబడితే ఎవరికి చెప్పుకుంటారు? గుర్తింపు కార్డులు, బ్యాంకు వివరాలు, జీతాల పట్టీలు ఉన్న కాగితాలు విడిగా తీసి క్రాస్‌కట్ ష్రెడర్‌లో వేయండి. ముక్క 4 మిల్లీమీటర్లు × 40 మిల్లీమీటర్లకి మించకూడదు. పొడుగు పట్టీలుగా కోసే యంత్రం చాలదు, ఓపికున్నవాడు అతికించగలడు. మిగతా బిల్లులు ముక్కలు చేయకుండా ఉంచితేనే మళ్లీ కాగితం అవడానికి మేలు, ఎందుకంటే ముక్కలైన కాగితంలో నార పొట్టిదవుతుంది. ఎక్కువ మొత్తముంటే నేరుగా గుజ్జు చేసే మిల్లుకి పంపి, మీ మనిషి దగ్గరుండి పల్పర్‌లో వేయించి రావాలి. థర్మల్ చీటీలు, కార్బన్ పేపర్లు, లామినేట్ చేసినవి ఆ కుప్పలో కలపకండి, అవి కొద్దిగా కలిసినా లోడంతా తిప్పి పంపుతారు. పెరట్లో తగలబెట్టడం వద్దు: కట్ట కాగితం లోపల సగం కాలకుండానే మిగులుతుంది, ఆ సగం మీద చదవగలిగే పేర్లుంటాయి.

అట్టపెట్టె మాత్రం ఉంచుకోండి, మూలలు గట్టిగా ఉంటే ఇంకో విడత పనికొస్తుంది. పాత రాత కొట్టేసి పక్కన కొత్త నంబరు వేయొచ్చు. రిజిస్టర్లో ఆ వరసని కొట్టేయకుండా చివరి గడిలో తీసేసిన తేదీ, ఎలా తీసేశారు, కాటా చీటీ నంబరు, దగ్గరున్న ఇద్దరి సంతకాలు రాయించండి. ఐదేళ్ల తర్వాత ఎవరైనా ఆ ఫైలేదని అడిగితే చూపించాల్సింది ఆ వరసే.